పాప వేసిన పెలికాన్

మెల్‌బోర్న్‌లో నేను పనిచేసే పిల్లల బడిలో ఆ వారమంతా పక్షులే. నాలుగేళ్ల పిల్లలు ఈకలను రంగుల్లో ముంచి కాగితాలపై అద్దారు, పేపరు ప్లేట్లకు రెక్కలు అతికించారు. ఒక పాప పెలికాన్ బొమ్మ వేసింది. ముక్కు ఒళ్లంత ఉంది, కాళ్లు లేవు. నేను కుంచె తీసుకుని ముక్కు తగ్గించి, రెండు కాళ్లు పెట్టాను. పాప కుర్చీ దిగి వెళ్లిపోయింది.

సాయంత్రం పెద్ద టీచర్ పక్కకు పిలిచారు. "అది ఆ పాప బొమ్మ. ఇప్పుడు మీ బొమ్మ అయింది" అన్నారు. అంతే.

ఆమెతో అనలేని జవాబులన్నీ ట్రామ్‌లో నాకు నేనే చెప్పుకున్నాను. మా తాతగారు నా వేలు పట్టుకుని పళ్లెంలో బియ్యం మీద దిద్దించారు. ఆ పట్టు ఇప్పటికీ నా వేలికి తెలుసు. చెయ్యి పట్టుకోవడం మా దగ్గర పెత్తనం కాదు, ప్రేమ. అది తప్పని పరాయి ఊళ్లో ఎవరో అంటే ఎలా మింగుడు పడుతుంది? పైగా పెలికాన్ గురించి నాకా చెప్పడం! మా అమ్మమ్మది టెక్కలి దగ్గర తేలినీలాపురం. ఏటా గూడబాతులు (అవే పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడితే, పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకునే ఊరు. అవి ఆలస్యమైతే అమ్మమ్మ వాకిట్లో నిలబడి ఆకాశం వైపే చూసేది.

సంక్రాంతికి వారం ముందే ఊరు చేరాను. అక్కడి అంగన్‌వాడీలో మా పిన్ని టీచర్. పిల్లలకు బంకమన్ను, తాటాకు ముక్కలు, కోడి ఈకలు పంచాం. ఒక బాబు గూడబాతును చేసి, దాని నోట్లో చిన్న మట్టి ముద్దను తలకిందులుగా దూర్చాడు. పిల్లను మింగేస్తున్నట్టు ఉంది. సరిచేయడానికి నా చెయ్యి సగం దాకా వెళ్లి ఆగింది.

"ఇదేమిటి నాన్నా?"

"దాని పిల్ల. చేపలు తింటోంది."

తల్లి ముక్కు కింది సంచిలోకి తల దూర్చి పిల్ల తినడం, చిన్నప్పుడు ఆ చెట్ల కిందే నిలబడి ఎన్నిసార్లు చూశానో! మరిచిపోయాను. మెల్‌బోర్న్ పాప ముక్కు అంత పెద్దగా ఎందుకు వేసిందో నేను అడగనే లేదు. కాళ్లు నీళ్లలో ఉన్నాయేమో, అదీ అడగలేదు.

కాసేపటికి పిన్ని పలకలు తీసింది. ఆ బాబు వెనక కూర్చుని, వాడి వేలు పట్టుకుని 'అ' దిద్దించాను.