జర్మనీ అంకె, బల్గేరియా డబ్బు

మారతహళ్లి ఆఫీసులో నా పని యూరప్ శాఖల జీతాల లెక్కలు చూడడం. నెలాఖరున పోలండ్ షీటు తెరిస్తే టెన్షనే, అక్కడి కరెన్సీ జ్లోటీ రేటు రోజుకో తీరు. బల్గేరియా షీటులో మాత్రం ఏళ్ల తరబడి ఒకటే అంకె ఉండేది: యూరోకి 1.95583 లెవాలు (లెవా అక్కడి పాత కరెన్సీ).

ఆ అంకె అసలు జర్మనీది. 1997లో ధరలు చుక్కలనంటి, బ్యాంకులు కూలిపోయాక, బల్గేరియా కరెన్సీ బోర్డు (సొంత డబ్బు విలువను వేరే కరెన్సీకి స్థిరంగా కట్టేసే ఏర్పాటు) పెట్టుకుని లెవాను జర్మనీ అప్పటి కరెన్సీ అయిన మార్కుకు కట్టేసింది. తర్వాత మార్కు యూరోలో కలిసింది సరిగ్గా ఈ రేటుకే. మార్కు పోయినా దాని రేటు బల్గేరియా రాజధాని సోఫియాలో ఉండిపోయింది. 2026 జనవరి 1న లెవా కూడా అదే రేటుకు యూరోలో కలిసిపోయింది.

"ఇలా కట్టేసుకుంటే నష్టం కాదా అన్నా?" అన్నాడు మా టీమ్‌లో కర్నూలు కుర్రాడు. ప్రపంచ మాంద్యం నాటి 2009 చూడమన్నాను. తన కరెన్సీని యూరోకు కట్టిన రేటు వదలనన్న లాట్వియాలో జీతాలు కోశారు, ఆర్థిక వ్యవస్థ ఆ ఒక్క ఏడాదే దాదాపు 14 శాతం కుంగింది. జ్లోటీని పడనిచ్చిన పోలండ్ అప్పుడూ ఎదిగింది. (జ్లోటీ ఒక్కటే కారణం కాదులెండి, వాళ్ల సొంత మార్కెట్టూ పెద్దదే.) అయినా లాట్వియా పట్టు విడవక 2014లో యూరోలో చేరింది.

బల్గేరియా చేసింది సబబే అంటాను. కరెన్సీని కట్టేసినప్పుడే సొంత వడ్డీ రేటు వదులుకున్న దేశం అది. ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకులో రేట్లు తేల్చే బల్ల దగ్గర కుర్చీ అయినా దక్కింది. పోలండ్‌కు ఆ తొందర లేదు.