నా వాటా 14 నిమిషాలు

"ఒరేయ్, నువ్వు రెండో క్వార్టర్‌లో దిగుదువు గాని" అన్నారు మాస్టారు. నిరుడు మా బాస్కెట్‌బాల్ టీములో మొదటి ఐదుగురిలో ఆడినవాణ్ణి. షూ లేసు కట్టుకుంటున్నట్టు తల వంచేసుకున్నాను.

సీనియర్లు ఏడుగురూ పాసై వెళ్లిపోయారు. వాళ్ల బదులు ఏడుగురు కొత్తవాళ్లు. మాస్టారు పరీక్షల అట్ట మీద కాగితం పెట్టి పైన 200 అని రాశారు. 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు, కోర్టులో ఐదుగురు. ఆ 200 నిమిషాలు 12 మందికి పంచాలి. నా పేరు పక్కన 14. పాలకొండ నుంచి వచ్చిన ఫస్టియర్ గుంటడికి 26!

"ఏటి మాస్టారూ ఇది?" అనబోయి ఊరుకున్నాను.

సాయంత్రం ప్రాక్టీస్ మ్యాచ్‌లో మూడో క్వార్టర్‌కే ఆ గుంటడికి నాలుగు ఫౌళ్లు. ఇంకొక్కటైతే అవుట్. మాస్టారు నావైపు చూశారు. (నిజం చెప్పాలంటే లోపల కాస్త సంతోషమే.)

వాడు బయటికొస్తూ, "అన్నా, ఆ పొడుగాయనది ఎడమచేతి వాటం, చూసుకో" అన్నాడు.

అంతకుముందు క్వార్టరంతా ఆయన్నే కాశాను. గమనించనేలేదు.

గంటస్తంభం దగ్గర బజ్జీల డబ్బులు వాడిచేతే ఇప్పించాను. 26 నిమిషాలవాడు కదా, ఇవ్వాలి మరి.