షాంఘైలో యూదుల వాడ

షాంఘై వెళ్లినవాళ్లంతా బండ్ అనే నదీతీరంలో ఫొటోలు దిగుతారు. నేను ముందు మెట్రో 12వ లైన్ ఎక్కి తిలాన్‌చియావోలో దిగాను. హోంగ్‌కౌ ప్రాంతం అది. అక్కడి ఒహెల్ మోషే సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) ఇప్పుడు యూదు శరణార్థుల మ్యూజియం.

హిట్లర్ బారి నుంచి తప్పించుకుని 20,000 మంది దాకా యూదులు షాంఘై చేరారు. నాజీల చేతిలో ఉన్న వియన్నాలో చైనా కాన్సుల్ జనరల్ హో ఫెంగ్‌షాన్, బెర్లిన్‌లోని తన రాయబారి వద్దంటున్నా వేలాది వీసాలు ఇచ్చారు. ఆయన ఫొటో ముందు నాకో సందేహం పట్టుకుంది. 1937లో మొదలైన చైనా-జపాన్ యుద్ధం తర్వాత షాంఘై రేవులో పాస్‌పోర్టు అడిగే నాథుడే లేడు కదా, మరి వీసా దేనికి? అది పనికొచ్చింది వియన్నాలోనే. ఫలానా దేశానికి పోతున్నానని కాగితం చూపిస్తే నాజీలు దేశం దాటనిచ్చేవారు, దకావ్ నిర్బంధ శిబిరంలో ఉన్నవాళ్లను సైతం వదిలేవారు. చేరాక నిజంగా షాంఘైలోనే ఉంటారా అన్నది వాళ్లకు పట్టలేదు. హో 1997లో పోయారు. ఇజ్రాయెల్ సత్కారం 2000లో వచ్చింది.

1943 ఫిబ్రవరిలో జపాన్ సైన్యం ఈ శరణార్థులందరినీ హోంగ్‌కౌలోనే ఉండాలని ఆదేశించింది. గోడ లేదు, కానీ బయటికి పోవాలంటే పాసు కావాలి. అప్పటికే అక్కడ లక్షమంది దాకా పేద చైనీయులు ఉన్నారు. ఇరుకు గదులూ ఆకలీ ఇద్దరికీ ఒకటే. 1945 జూలై 17న అమెరికన్ బాంబులు పడ్డప్పుడు చచ్చిపోయినవాళ్లలో యూదులూ చైనీయులూ ఉన్నారు, చైనీయులే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇక్కడి జౌషాన్ వీధిలో శరణార్థిగా పెరిగిన మైకేల్ బ్లూమెంతాల్ తర్వాత అమెరికా ఆర్థిక మంత్రి అయ్యారు.

అక్కణ్నుంచి నడిచి సుజౌ వాగు ఒడ్డున ఎంబాంక్‌మెంట్ భవనం చూశాను. విక్టర్ ససూన్ కట్టించింది. శరణార్థులు దిగగానే కొందరిని ఇందులోనే ఉంచారు. ఈ ససూన్‌లు బాగ్దాద్ నుంచి బొంబాయి వచ్చి, మన దేశపు నల్లమందును చైనాకు అమ్మి గడించిన యూదులు. చైనీయులను మత్తులో ముంచిన సొమ్ములో కొంత, తరాలు గడిచాక, ఇలా శరణార్థుల నీడకు ఖర్చయింది. దయ, పాపం రెండూ ఒకే ఖాతాలోవి. ఆ భవనంలో ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు, బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి.