సరుకు ఉంది, దొరకదు

గోదామంటే సరుకు కుప్పపోసే చోటని చాలామంది లెక్క. దాని అసలు పని వేరు. ఫ్యాక్టరీ ఒక్క విడతలో వేల పెట్టెలు పంపుతుంది, షాపులేమో రోజుకు పదులలో అడుగుతాయి. ఆ తేడాను సర్దేది గోదామే.

రోజుకు 40 పెట్టెలు పోతూ, కొత్త లోడు రావడానికి 7 రోజులు పడుతుందనుకుందాం. కనీసం 280 ఉండగానే ఆర్డరు పెట్టాలి. లారీ రెండు రోజులు ఆలస్యమైనా తట్టుకోవాలంటే ఇంకో 80 కలిపి, 360 దగ్గరే పెట్టాలి. ఈ లెక్క ఎవరైనా వేస్తారు. కంప్యూటర్‌లో 360 కనబడుతూ ర్యాకుల్లో 310 మాత్రమే ఉంటేనే తంటా. రెండు రోజుల జాగ్రత్త కాస్తా ముప్పావు రోజుకు కుంచించుకుపోతుంది. పైగా లారీ ఆలస్యమయ్యేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఆ 50 ఏమయ్యాయి? ముందు దొంగతనమనే అనుమానిస్తారు. చాలాసార్లు దొంగ ఉండడు, స్కాన్ చేయని ప్యాలెట్ (పెట్టెలు పేర్చే చెక్క పలక) ఒకటి ఉంటుంది.

1200 × 1000 మిల్లీమీటర్ల ప్యాలెట్ మీద 400 × 300 పెట్టెలు వరుసకు 4, 3, 3 చొప్పున పొరకు 10 పడతాయి. ఐదు పొరలకు 50. ఇందులో ఒక కిటుకుంది: మధ్య వరుసలో నడిమి పెట్టె ఏ పక్క నుంచీ కనబడదు. కింది పొరల్లో అది లేకపోయినా, చుట్టూ తిరిగి లెక్కపెట్టినవాళ్లకు 50 అనే అనిపిస్తుంది. అనుమానం వస్తే పొరలు విప్పాల్సిందే, లేదా తూకం వేసి పోల్చాలి.

అందుకే దించుకునేటప్పుడు వరుస తప్పకూడదు. ముందు లారీ తలుపుకు వేసిన సీలు నంబరు సరిచూడాలి, తర్వాత ప్యాలెట్లు, ఆపైన చలానాలోని (సరుకుతో వచ్చే జాబితాలోని) ఒక్కో ఐటమ్. బ్యాచ్ నంబరు, గడువు తేదీ అప్పుడే ఎక్కించాలి. నలిగిన పెట్టెలు విడిగా పెట్టి, తక్కువైనవీ పాడైనవీ చలానా మీదే రాశాక సంతకం. డ్రైవరు తొందరపెడుతున్నాడని ముందే సంతకం చేస్తే తర్వాత అడిగే దారి ఉండదు. ఇంకో పాత జబ్బు, పెట్టెకూ పీసుకూ తేడా మర్చిపోవడం. 12 పీసుల పెట్టె ఒకటి వస్తే 12 పెట్టెలని కొట్టేస్తారు.

తర్వాత ర్యాకు. చెప్పిన అర అప్పటికే నిండి ఉంటే ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లు పక్క ఖాళీలో పెట్టేసి, కంప్యూటర్‌లో తర్వాత ఎక్కిద్దాంలే అనుకుంటారు. ఆ ‘తర్వాత’ రాదు. అర మీది లేబుల్ స్కాన్ చేస్తే తప్ప పని ముగియకుండా సిస్టమ్‌లో కట్టడి పెట్టాలి. ర్యాకు పై అంతస్తుల లేబుళ్లన్నీ కింద కంటికందే ఎత్తులో, అంతస్తుకో రంగులో ఉంటే పొరపాట్లు బాగా తగ్గుతాయి. ర్యాకులు 85–90 శాతం దాటి నిండనివ్వడం కూడా ప్రమాదమే: ఒక ప్యాలెట్ తీయడానికి రెండు కదపాలి, కదిపిన ప్రతిసారీ ఒక స్కాన్ తప్పే అవకాశం.

ఆర్డర్లకు సరుకు తీసే పనిలో ఎక్కువ సమయం నడకకే పోతుంది. బాగా కదిలే సరుకు డిస్పాచ్‌కు (బయటికి పంపే చోటుకు) దగ్గరగా, నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో ఉంచాలి. అంతా ఒకే సందులో పెడితే మాత్రం బళ్లు ఒకదానికొకటి అడ్డుపడతాయి.

ఏడాదికోసారి గోదాము మూసి లెక్కపెట్టడం మీద నాకు నమ్మకం లేదు. అలసిన చేతులు కొత్త తప్పులు చేస్తాయి. జోరుగా పోయే సరుకు నెలకోసారి, మధ్యరకం మూడు నెలలకు, నెమ్మదివి ఆరు నెలలకు, రోజూ కొంత చొప్పున లెక్కించడం మేలు. లెక్కపెట్టేవాళ్లకు సిస్టమ్‌లోని అంకె చూపకూడదు, చూస్తే కన్ను అక్కడికే వెళ్తుంది. అర ఖాళీ అయినప్పుడల్లా సరుకు తీసినవాళ్లే ‘సున్నా’ అని నొక్కితే అంతకన్నా చవకైన లెక్క లేదు.

తేడా తేలగానే అంకె దిద్దేయకండి. వేరేవాళ్లతో మళ్లీ లెక్కించండి, చుట్టుపక్కల అరలు చూడండి, డిస్పాచ్‌లో ఇంకా ముగియని ఆర్డర్లు వెతకండి. తొందరపడి మైనస్ 50 రాసేస్తే, వచ్చే నెల పక్క సందులో ప్లస్ 50 తేలుతుంది. ఈలోగా కొనుగోళ్లవాళ్లు ఇంకో లోడుకు ఆర్డరిచ్చేసి ఉంటారు.