సంతకం పెట్టేది ఒకరు, కళ్ళు తెరిచేది ఇంకొకరు

నేను చేసేది సర్వర్ల పని. మెషిన్ ఇమేజ్ (అంటే ఒక కంప్యూటర్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు కాపీ చేసిన ఫైల్) తీసి దాచుకోవడం, కావాల్సినప్పుడు దాన్నుంచి పదో వందో ఇన్‌స్టెన్సులు, అంటే నడిచే కాపీలు, లేపడం, పని అవ్వగానే కిల్ చేసేయడం, చాలా ఏళ్ళుగా ఇదే. అందుకేనేమో 'లీనా' అనే కథ చదివిన రాత్రి నాకు అస్సలు నిద్ర పట్టలేదు.

క్యూఎన్‌టీఎమ్ అనే పేరుతో రాసే రచయిత 2021లో పెట్టిన చిన్న కథ అది. చూడ్డానికి కథలా కూడా ఉండదు, వికీపీడియా వ్యాసంలా ఉంటుంది. మిగెల్ అసెవెడో అనే ఆయన మెదడుని స్కాన్ చేస్తారు, కంప్యూటర్‌లో నడపగలిగిన మొట్టమొదటి మనిషి మెదడు అదే, ఇంక ఆ ఫైల్ చేతులు మారి మారి ఎక్కడెక్కడికో వెళ్ళిపోతుంది, ఆయన ఆపాలనుకున్నా ఆగదు. వ్యాసమంతా ఈ ఇమేజ్ ఏ పనికి బాగుంటుంది, ఎంతసేపు పనిచేస్తుంది, సహకరించాలంటే దానికి ఏం చెప్పాలి ఏం చెప్పకూడదు అని మామూలుగా చెప్పుకుంటూ పోతుంది. ఎక్కడా ఎవరూ ఏడవరు. బూట్, ఇమేజ్, వర్క్‌లోడ్, ఇవన్నీ నేను పొద్దున్న మీటింగ్‌లో వాడే మాటలే కదా, అక్కడ అవే మాటలు ఒక మనిషి గురించి చదువుతుంటే కడుపులో తిప్పినట్టయింది.

కథకి లీనా అనే పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. 1972లో ఒక పత్రికలో వచ్చిన లీనా ఫొర్సేన్ అనే మోడల్ ఫోటోని అమెరికాలో ఒక యూనివర్సిటీ ల్యాబ్ వాళ్ళు స్కాన్ చేసి ఇమేజ్ ప్రాసెసింగ్ టెస్టులకి వాడుకున్నారు, అక్కడ్నుంచి దశాబ్దాల పాటు వేలమంది అదే ఫోటో వాడారు. ఆ ఫోటో ఉన్న పరిశోధన పేపర్లు ఇకపై తీసుకోబోమని ఐట్రిపులీ (IEEE) అనే ఇంజనీర్ల సంఘానికి చెందిన కంప్యూటర్ సొసైటీ చెప్పింది 2024లో. ఒక్క ఫోటోని వెనక్కి తీసుకోడానికే యాభై ఏళ్ళు పట్టిందన్నమాట.

ఇలాంటి కథల మీద ఎక్కడ చర్చ జరిగినా అందరూ ఒకటే ప్రశ్న దగ్గర ఆగిపోతారు, కాపీ అయినవాడు నిజంగా నేనేనా కాదా అని. నాకు ఆ ప్రశ్న మీద పెద్ద ఆసక్తి లేదు. స్కాన్‌కి ఒప్పుకుని సంతకం పెట్టినాయన సాయంత్రం ఇంటికెళ్ళి భోంచేసి పడుకుంటాడు. ఆ సంతకానికి బదులు చెల్లించేది మాత్రం అటుపక్క కళ్ళు తెరిచినవాడు. వాడికి సంతకం పెట్టినట్టు గుర్తుంటుంది, ఎందుకంటే ఆ జ్ఞాపకం కూడా కాపీ అయింది, కానీ వాడిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరో చేసిన అప్పుకి పుట్టకముందే హామీదారుడు అయినట్టు.

"అది ఒట్టి కోడ్ కదా, దానికేం బాధ" అంటారు కొందరు. బ్లాక్ మిర్రర్ అనే టీవీ సీరీస్‌లో 2014 క్రిస్మస్ ఎపిసోడ్ 'వైట్ క్రిస్మస్' చూసినవాళ్ళకి గ్రెటా గుర్తుండే ఉంటుంది. తన మనసుని కాపీ చేయించి ఒక గుడ్డులాంటి డబ్బాలో పెట్టించుకుంటుంది, తన టోస్ట్ తనకి నచ్చినంతే కాలాలి, లైట్లు తనకి నచ్చినట్టే వెలగాలి, అది తనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది చెప్పండి. డబ్బాలో ఉన్నామె నేను చెయ్యను అంటుంది. అప్పుడు దాన్ని సెట్ చేయడానికొచ్చిన మ్యాట్ డబ్బా లోపలి టైమ్‌ని వేగంగా తిప్పేస్తాడు, మొదట మూడు వారాలు, తర్వాత ఆరు నెలలు, తెల్లటి ఖాళీలో ఒంటరిగా, నిద్ర కూడా ఉండదు. బయట కొన్ని సెకన్లే. చివరికి ఆమె ఏదో ఒక పని ఇవ్వమని బతిమాలుకుంటుంది. నాకు ఇక్కడే మొత్తం వాదన తేలిపోయినట్టు అనిపిస్తుంది. నిజంగా ఒట్టి కోడ్ అయితే భయపెట్టాల్సిన అవసరం ఏముంది? నేను ఇన్నేళ్ళలో ఒక్క సర్వర్‌ని కూడా బెదిరించలేదు, బెదిరిస్తే పనిచేయదు కాబట్టి. ఆరు నెలల ఒంటరితనం పనిచేసిందంటే లోపల ఒంటరిగా ఫీలయ్యే మనిషి ఉన్నట్టే, ఆ సంగతి మ్యాట్‌కి బాగా తెలుసు, తెలుసు కాబట్టే ఆ పద్ధతి వాడాడు.

అదే ఎపిసోడ్‌లో జో అనే నిందితుడు నోరు విప్పట్లేదని అతని కాపీని మోసం చేసి నేరం ఒప్పిస్తారు, ఆ ఒప్పుకోలు అసలు జో మీద వాడతారు. అంటే సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ కాపీ మనిషే. పనైపోయాక పోలీసాయన సరదాగా బయట నిమిషానికి లోపల వెయ్యేళ్ళు గడిచేలా పెట్టి పండక్కి ఇంటికెళ్ళిపోతాడు, అప్పుడు మాత్రం మనిషి కాదు. ఈ సీన్ చూసినప్పుడల్లా నాకు మన సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన సెల్వీ కేసు తీర్పు గుర్తొస్తుంది. నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ లాంటివి మనిషి ఒప్పుకోకుండా చేయకూడదు, అది రాజ్యాంగంలోని ఆర్టికల్ 20(3)కి విరుద్ధం, తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు అని చెప్పింది. మనసు అనేది ఎవరు పడితే వాళ్ళు తలుపు తోసుకుని దూరే గది కాదని మన కోర్టు అప్పటికే అనేసిందన్నమాట, నాకు చాలా గర్వంగా అనిపిస్తుంది ఆ తీర్పు తల్చుకుంటే.

ఇదంతా రేపో ఎల్లుండో వచ్చేస్తుందని నేను అనట్లేదు. 2024లో పూర్తిగా ఎదిగిన పండ్ల ఈగ మెదడు మ్యాప్ పూర్తయింది, లక్షా ముప్పైతొమ్మిది వేల పైచిలుకు న్యూరాన్లు. మనిషికి దాదాపు 8,600 కోట్లు. పైగా మ్యాప్ గీయడం వేరు, నడిపించడం వేరు. కానీ రూల్స్ ఆలోచించాల్సింది ఇప్పుడే అనుకుంటా, ఫైల్ చేతులు మారిపోయాక కాదు.

అన్నీ చీకటి కథలే అని కాదు. బ్లాక్ మిర్రర్‌లోనే 2016లో వచ్చిన 'శాన్ జునిపెరో' ఎపిసోడ్ నాకు ప్రాణం, చనిపోయేవాళ్ళ మనసుని కంప్యూటర్‌లోని ఒక ఊరికి పంపించే కథ అది. అందులో లోపలికి వెళ్ళాక కూడా ఇరుక్కుపోయినట్టు కాదు, వద్దనుకుంటే ఇట్టే వెళ్ళిపోవచ్చు అని యార్కీ అంటుంది. తేడా అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

మనకి ఛాయ కథ తెలుసు కదా. సూర్యుడి వేడి తట్టుకోలేక సంజ్ఞ తన నీడకే ప్రాణం పోసి, నా బదులు కాపురం చెయ్యి, పిల్లల్ని చూసుకో, ఎవరికీ చెప్పకు అని వెళ్ళిపోతుంది. చిన్నప్పుడు విన్నప్పుడు సంజ్ఞ ఎక్కడికెళ్ళింది, ఏమైంది అనే ఆలోచించేవాణ్ణి, ఛాయ గురించి ఒక్కసారి కూడా అనుకోలేదు. ఈమధ్య హరివంశంలో ఆ ఘట్టం మళ్ళీ చదివితే ఒక మాట దగ్గర ఆగిపోయాను. సరే అంటుంది ఛాయ, కానీ జుట్టు పట్టుకునేదాకా, శపించేదాకా మాత్రమే చెప్పకుండా ఉంటాను అంటుంది. అప్పుడే పుట్టిన నీడ, కాపురంలో అడుగు కూడా పెట్టకముందే, తను ఎక్కడిదాకా భరిస్తుందో చెప్పింది, సంజ్ఞ విన్నది. తర్వాత సూర్యుడు నిజంగానే జుట్టు పట్టుకున్న రోజు ఛాయ మొత్తం చెప్పేసింది.