ఇరవై సార్లు గాలి

పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నేనూ పడుకుని మళ్ళీ లేచి వచ్చాను. కళ్ళు మూసుకుంటే బుజ్జి నోట్‌బుక్‌లో ఆ పేజీయే కనబడుతోంది.

విషయం చిన్నదే. దాని ట్యూషన్‌లో శనివారం స్లిప్ టెస్ట్ పెట్టారు. అందులో ఒక బిట్టు: మరుగుతున్న నీటిలో పైకి వచ్చే బుడగల్లో ఉండేదేమిటి? గాలి, ఆక్సిజన్, హైడ్రోజన్, నీటి ఆవిరి. ఇది నాలుగోది పెట్టింది. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి పక్కన "గాలి" అని రాశారు. తప్పుపోయిన ప్రతి బిట్టుకీ జవాబు ఇరవై సార్లు రాయాలట. సాయంత్రం నేను వంకాయలు తరుగుతుంటే ఇది నేల మీద బోర్లా పడుకుని రాసుకుంటోంది. చూస్తే గాలి, గాలి, గాలి, గాలి. ఒకదాని కింద ఒకటి, ముత్యాల్లాంటి అక్షరాలతో.

"అది ఆవిరని నీకు తెలుసు కదే?" అన్నాను.

"తెలుసమ్మా. కానీ అక్కడ గాలి అనే రాయాలి."

తలెత్తకుండా అంది ఆ మాట. ఏడుపు లేదు, కోపం లేదు. అదే నాకు గుచ్చుకుంది. తొమ్మిదో తరగతికే తెలిసిన నిజం ఒకటి, రాయాల్సిన జవాబు ఒకటి అని రెండు అరలు కట్టేసుకుంది.

సార్‌కి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు. "ఆన్సర్ కీలో అలాగే ఉంది మేడమ్. ఇప్పుడు మార్చితే పిల్లలు తికమక పడతారు" అన్నాడు. ఈయనేమో "ఒక్క మార్కే కదా, పోనీ" అన్నారు. మార్కు సంగతి ఎవరు అడిగారు? అన్నం తింటున్నంత సేపూ నేనెవరితోనూ మాట్లాడలేదు.

ఆవిరికీ గాలికీ తేడా ఏమిటో మా అత్తయ్య చెయ్యి చెబుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీయబోయి కాల్చుకున్నది ఇంకా పూర్తిగా మానలేదు. ఒక్క గ్రాము ఆవిరి మళ్ళీ నీరుగా మారితే 540 కెలోరీల వేడిని వదిలిపెడుతుంది. ఆ వేడంతా ఆవిడ మణికట్టు మీదే దిగింది. అంతే వేడున్న మామూలు గాలి తగిలితే అలా బొబ్బలెక్కదు.

ఆక్సిజన్, హైడ్రోజన్ అని పెట్టిన పిల్లలు కూడా ఉంటారు. నీరు మరిగితే నీటి అణువు ముక్కలవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. అణువు అణువులాగే ఉంటుంది, పక్కనున్న అణువుల చెయ్యి మాత్రం వదిలేస్తుంది. 18 గ్రాముల నీటిని ఆవిరి చెయ్యడానికి దాదాపు 41 కిలోజౌళ్ళు చాలు. అదే అణువుల్లో ఆక్సిజన్‌నీ హైడ్రోజన్‌నీ కలిపి ఉంచే ఓ-హెచ్ బంధాలన్నీ తెంచాలంటే 900 పైన కావాలి. మన గ్యాస్ పొయ్యి వల్ల అయ్యే పని కాదది. ఆ 41 అయినా నీటి లాంటి చిన్న అణువుకి చాలా ఎక్కువే. డిగ్రీలో కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేసేవాళ్ళం, ఇంటికొచ్చాక కూడా జడలోంచి ఆ వాసన పోయేది కాదు. దాని అణువు నీటి అణువు కంటే బరువు, 34కి 18. అయినా అది మైనస్ 60 డిగ్రీలకే మరిగిపోతుంది. నీరు వంద దాకా ఎందుకు ఆగుతుందంటే, ఒక అణువులోని హైడ్రోజన్‌ని పక్క అణువులోని ఆక్సిజన్ లాగి పట్టుకుంటుంది కాబట్టి. హైడ్రోజన్ బంధం అంటే అదే. ఆ పట్టు లేకపోతే మన చెరువుల్లో నీళ్ళే ఉండవు.

ఇదంతా సార్‌కి ఫోన్‌లో చెప్పాలనుకున్నాను. ఆయన "మేడమ్, క్లాసుంది" అనేశాడు.

గాలి అన్న మాట దగ్గరే మనసు తాత దగ్గరికి పోయింది. శ్రీకాకుళం జిల్లా నౌపడా ఉప్పు మళ్ళు. వేసవి సెలవులకి వెళ్తే పొద్దున్నే చద్దన్నం తిని తాత వెనకాల మడి గట్ల మీద నడిచేదాన్ని. కాళ్ళకి చెప్పులుండేవి కావు, మడమ పగుళ్ళలో ఉప్పునీరు దూరి చురచుర మండేది. ఉప్పుటేటి నీళ్ళు ముందు పెద్ద మళ్ళలోకి పెట్టేవారు. అక్కడ కొన్నాళ్ళు ఎండనిచ్చి పక్క మడికి, అక్కడినుంచి ఇంకో మడికి. పోనుపోను నీళ్ళు చిక్కబడేవి. చివరి చిన్న మళ్ళలో నీటి పైన పల్చటి పొరలా ఉప్పు పూసేది. దాన్ని వేలితో ముడితే మునిగిపోయేది. పొడుగు కర్రకి అడ్డచెక్క బిగించి అడుగున పేరుకున్న ఉప్పుని గట్టు మీదికి లాగేవారు.

ఒకసారి గాలి స్తంభించిపోయి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇంత ఎండుంది కదా, ఉప్పు తొందరగా వచ్చేస్తుందా అని అడిగాను. తాత తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ, "ఎండొక్కటే సాలదే గుంటా. గాలుండాల. గాలి నేకపోతే నీరెక్కడికి పోతాది?" అన్నాడు. తాత బడి మొహం చూడలేదు. డిగ్రీ రెండో ఏడు క్లాసులో కూర్చుంటే ఆ మాట అర్థమైంది. నీరు ఆవిరవడానికి మరగక్కర్లేదు. పైనున్న అణువుల్లో వేగంగా కదిలేవి కొన్ని పక్కవాటి పట్టు విడిపించుకుని లేచిపోతాయి. గాలి లేకపోతే ఆ ఆవిరి అక్కడే కమ్ముకుని ఉండి, లేచినవాటిలో చాలా అణువులు మళ్ళీ నీళ్ళలోకే వచ్చి పడతాయి. గాలి వీస్తే పోయింది పోయినట్టే. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. దాని లోపలి పట్టు వేరు, నీళ్ళలో కాకుండా వట్టి వేడికి కరగాలంటేనే 801 డిగ్రీలు కావాలి.

ఇంకోటి కూడా చూపించాడు తాత. మడిలో నీళ్ళు పూర్తిగా ఇగిరిపోనివ్వరు. చివర మిగిలిన నీళ్ళని బయటికి వదిలేస్తారు. ఎందుకని అడిగితే ఒక చుక్క నా నాలిక మీద వేశాడు. పరమ చేదు. ఆ చేదు మెగ్నీషియం లవణాలదని చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. నాలిక మీద వేస్తే తెలిసింది పుస్తకంలో చదివితే అంత బాగా తెలియలేదు.

అది గుర్తొచ్చాకే పది గంటలకి బుజ్జిని లేపి వంటింట్లోకి తీసుకెళ్ళాను. స్టీలు గిన్నెలో కుళాయి నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాం. లైటు దగ్గరగా పట్టుకుని ఇద్దరం వంగి చూశాం. కాసేపటికి గిన్నె గోడల్నీ అడుగునీ పట్టుకుని గసగసాలంత బుడగలు. ఒకటి పెరిగి, ఊడి, పైకి వచ్చి పోయింది. నీళ్ళింకా వేలు పెట్టగలిగేంత వేడిలోనే ఉన్నాయి.

"ఇవి ఆవిరా అమ్మా?"

కాదు. అవి గాలే. చల్లటి నీళ్ళలో కరిగి ఉన్న గాలి, నీరు వేడెక్కితే ఇమడలేక బయటికి వస్తుంది. ఆ మాట దానికి చెబుతుంటే నా గొంతే తగ్గింది. ఆ ప్రశ్న రాసిన మనిషి ఈ బుడగల్ని చూసే రాసి ఉండొచ్చు. సాయంత్రం నుంచీ ఆయన ఎప్పుడూ గిన్నెలోకి తొంగి చూసి ఉండడని తిట్టుకున్నాను. బహుశా చూశాడు. కొంచెం ముందుగా చూసి అక్కడే ఆగిపోయాడు. తర్వాత సన్నగా ఈల లాంటి మోత మొదలైంది. అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైనున్న చల్లటి నీళ్ళలోకి రాగానే చితికిపోయే చప్పుడది. ఉన్నట్టుండి మోత తగ్గింది. "మరుగుతోంది" అంది బుజ్జి, నేను చెప్పకముందే. అప్పుడు దాని మొహం చూడాలి.

పది నిమిషాలు అలాగే మరగనిచ్చాం. బుడగలు ఆగలేదు. అంత గాలి గిన్నెడు నీళ్ళలో ఎక్కడుంటుంది? నీళ్ళు మాత్రం వేలెడు తగ్గాయి.

అయినా నా కోపం పూర్తిగా పోలేదు. ప్రశ్నలో "మరుగుతున్న" అని స్పష్టంగా ఉంది, జవాబు ఆవిరే. ఆయన పొరబడ్డాడంటే ఒప్పుకుంటాను, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆ పొరపాటుని ఒక పిల్ల చేత ఇరవై సార్లు రాయించడం మాత్రం నాకు మింగుడు పడట్లేదు. రేపు మళ్ళీ ఫోన్ చేస్తాను. మార్కు వెయ్యక్కర్లేదు, ఆ పేజీ మీద ఒక గీత కొట్టి సంతకం పెట్టమని అడుగుతాను. ఒప్పుకోకపోతే నేనే కొడతాను.

ఆ నీళ్ళు పారబొయ్యలేదు. చల్లారాక మళ్ళీ కాస్తే ఆ గసగసాల బుడగలు వస్తాయా రావా అని బుజ్జితో పందెం. రావని నేను, కొన్నైనా వస్తాయని అది. మూత పెట్టి గట్టు మీద ఉంచాను. అత్తయ్య తెల్లవారకుండానే లేచి కాఫీకి ఆ నీళ్ళే పెట్టేస్తారు, ఇప్పుడే వెళ్ళి ఒక కాగితం మీద రాసి మూత మీద పెట్టి రావాలి.