సొరుగులో మిగిలిన ఇసుక దిబ్బల ఎలుక: నా అనుభవం

మ్యూజియంలో ఆ సొరుగు లాగగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపల ఎలుకలు బోర్లా, వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి. పొట్ట నిండా దూది, వెనక కాలికి దారంతో కట్టిన చీటీ. పక్క ట్రేలో ఉన్నవి అదే జాతికి చెందిన పొలాల ఎలుకలు, మట్టి రంగువి. ఇవి మాత్రం ఆరిన ఇసుక రంగులో ఉన్నాయి, పొట్ట తెల్లగా. వీటి శాస్త్రీయ నామంలో చివరి మాట ‘డీకలరేటస్’, అంటే రంగు వెలిసినది. 1939లో జంతుశాస్త్రవేత్త ఆర్థర్ హోవెల్ పెట్టిన పేరది. అమెరికాలోని ఫ్లోరిడా తూర్పు తీరంలో, వొలూసియా కౌంటీ ఇసుక దిబ్బల్లో ఇవి బతికేవి. చివరిసారి కనిపించింది 1959లో.

ఆ సొరుగు దాకా చేరడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

నేను ఫ్లోరిడాలోనే వన్యప్రాణుల మీద పరిశోధన చేస్తున్నాను. నా ప్రశ్న చిన్నదే. ఫ్లోరిడాలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు తీరంలో దిబ్బల ఎలుకలు తెల్లబడటంలో ఎంసీ1ఆర్ అనే జన్యువులో వచ్చిన ఒక మార్పుకు పాత్ర ఉంది. తూర్పు తీరం ఎలుకలూ అలాగే పాలిపోయి ఉంటాయి కానీ, వాటిలో ఆ మార్పు కనిపించలేదు. తెలుపు ఒకటే, దారులు వేరు. అంతరించిన ఈ ఎలుకకు ఉత్తరాన అనస్టేసియా దీవి ఎలుక, దక్షిణాన మరో దిబ్బల ఎలుక ఇప్పటికీ ఉన్నాయి. మధ్యలో బతికి అంతరించినది ఎవరికి దగ్గరి చుట్టం? అది తెలియాలంటే డీఎన్ఏ కావాలి. డీఎన్ఏ కావాలంటే పాత తోలులోంచో ఎముకలోంచో ఇంత తీయాలి.

మ్యూజియానికి పెట్టిన మొదటి దరఖాస్తులో అయిదు ఎలుకల పాదాల అడుగు నుంచి తోలు ముక్కలు అడిగాను. ఆరు వారాల తర్వాత జవాబు వచ్చింది: కుదరదు. చాలా బాధపడ్డాను. ఆ ఉత్తరాన్ని మళ్లీ చదివాక మాత్రం వాళ్ల మాటే సరైనదనిపించింది. బతికి ఉన్న జంతువుదైతే మరొకటి పట్టుకోవచ్చు. వీటికి మరొకటి లేదు. ప్రతి పరిశోధకుడూ తలా ఒక ముక్క కోసుకుపోతే సొరుగులో చీటీలే మిగులుతాయి. పైగా ఈ పాత తోళ్లనుంచి నేను డీఎన్ఏ తీయగలనని చెప్పడానికి నా దగ్గర ఏ రుజువూ లేదు.

అందుకని రుజువుతో మొదలుపెట్టాను. అంతే పాతవి, కానీ ఎక్కువ సంఖ్యలో ఉన్న పొలాల ఎలుకల నమూనాలు అడిగాను. ఈసారి తోలు అడగలేదు. పాత రోజుల్లో పుర్రెలను శుభ్రం చేసినప్పుడు లోపలి మూలల్లో కొద్దిగా మాంసం మిగిలి ఎండిపోతుంది. ఆ పొరను గీకి తీస్తే ఎముకకు దెబ్బ తగలదు, కొలతలూ చెడవు. ఎనిమిది పుర్రెలతో మొదలుపెడితే ఆరింటిలో డీఎన్ఏ దొరికింది. ఆ ఫలితాలు జతచేసి రెండో దరఖాస్తు రాశాను. అయిదు కాదు, రెండే అడిగాను. ఎవరైనా ఇలాంటి పని మీద ఉంటే నేను చెప్పేది ఇదే: ముందు సులువుగా దొరికే దానిమీద చేసి చూపించండి, తర్వాతే అరుదైనది అడగండి.

అనుమతి వచ్చింది. చేతి తొడుగులు తప్పనిసరి అన్నారు, పాత తోళ్లకు పురుగు పట్టకుండా పాషాణం (ఆర్సెనిక్ విషం) పూసేవారు కాబట్టి. ఆ విభాగం బాధ్యురాలు నా పక్కనే కూర్చున్నారు. చిన్న గాజు సీసాలోంచి పుర్రె బయటికి తీశారు. నా బొటనవేలి గోరు కన్నా కొంచెం పెద్దది, అంతే. ముందు పళ్లు నారింజ రంగులో మెరుస్తున్నాయి. వాటితోనే కదా సీ ఓట్స్ గింజలు కొరికింది అనుకున్నాను. దిబ్బల మీద ఇసుకను పట్టి ఉంచే గడ్డి అది. దిబ్బలను చదును చేసి ఇళ్లు కట్టారు, ఆ ఇళ్లతో పిల్లులు వచ్చాయి. గడ్డీ పోయింది, బొరియలూ పోయాయి. అంతరించే జీవులను కాపాడే చట్టం అమెరికాలో 1973లో వచ్చింది. ఉత్తరాన, దక్షిణాన ఉన్న రెండు చుట్టాలకు 1989లో ఆ రక్షణ దొరికింది. దీనికి మాత్రం ఏదీ అందలేదు.

పట్టకారు పట్టుకున్న చెయ్యి వణికింది. ఆమె తొందరపెట్టలేదు. భూతద్దం కింద, పుర్రె వెనక రంధ్రం అంచున గోధుమ రంగు పొర కనిపించింది. ఊపిరి బిగబట్టి గీకాను. ఒక నువ్వుగింజంత వచ్చింది. రెండో పుర్రె నుంచి అంతకన్నా తక్కువ. రెండింటినీ ట్యూబుల్లో వేసి మూత బిగించాక గానీ నాకు మాట రాలేదు.

పుర్రెలు సీసాల్లోకి వెళ్లాయి, సీసాలు సొరుగులోకి. ఆమె కొత్త చీటీ తీసి, ఏది, ఎక్కడినుంచి, ఎంత తీశారో పెన్సిలుతో రాసి, తేదీ వేసి, నా పేరు అక్షరం అక్షరం అడిగి రాసుకున్నారు. ఆ చీటీని పాత చీటీ పక్కన పెట్టి సొరుగు మూశారు.